వరదలో పోయిన ఇరవై మూడు

పొలం పంచుకోవడానికి మావాళ్ళకు పట్టింది ఒక్క పూట. ఇల్లు, ట్రాక్టరు, బర్రెలు, ఇత్తడి బిందెలు పొద్దుగూకేలోపు తేలిపోయాయి. ఒక రేకు పెట్టెడు క్రికెట్ కార్డుల దగ్గర మాత్రం ఎండాకాలం మొత్తం చతికిలబడ్డాం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నేనూ మొదట్లో నవ్వినదాన్నే.

మా ఇళ్ళల్లో పంపకాలకు ఒక పద్ధతుంది. పెద్దవాడు భాగాలు పెడతాడు, చిన్నవాడు కోరుకుంటాడు. పెట్టేవాడు ఒకవైపు ఎక్కువ వేస్తే చిన్నవాడు ఆ ఎక్కువనే ఎగరేసుకుపోతాడు కాబట్టి మోసానికి చోటుండదు. మా బావ హరిలాల్ భాగాలు పెట్టాడు. మా ఆయన కోటేష్ రెండోసారి చూడకుండానే "ఇది నాది" అని వేలు చూపించాడు. పెద్దమనుషులు చాయ్ తాగి లేవబోతుంటే మా అత్త జమ్లి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఇగో, నా మాట ఒక్కటే. ఇంట్ల ఒక్క వస్తువు పొత్తుల మిగిలినా రెండో పొయ్యి ముట్టియ్యొద్దు. మా అత్త గట్లనే చెప్పింది, నేను గట్లనే చెప్తున్న."

ఆ రెండో పొయ్యి నాది. తల్లాడ పక్క తండా నుంచి సారపాకలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్ళయింది. తొమ్మిదేళ్ళూ పుష్పక్క వేసిన ఉప్పే తిన్నాను. పుష్పక్క మా బావ భార్య. చెడ్డది కాదు, ఉప్పు మాత్రం ఎక్కువేస్తుంది. కోటేష్‌కు ఖమ్మం కాలేజీకి బదిలీ అయింది. ఖానాపురం హవేలిలో రెండు గదుల ఇల్లు కిరాయికి చూసుకున్నాం. జూన్ పన్నెండున బళ్ళు తెరుస్తారు. ఆలోపు దిగితే పాప రెండో తరగతిలో మొదటిరోజు నుంచీ కూర్చుంటుంది. వంటగదికి తూర్పున కిటికీ ఉంది. దాని కింద నా పొయ్యి పెట్టుకుని, నా ఉప్పు నేనేసుకోవాలి. నాకు కావలసింది అంతే.

"ఇంకేముంది యాడీ పొత్తుల? అంత అయిపాయె గద" అన్నాడు బావ. మాలో అమ్మను యాడి అంటాం.

"పెట్టె ఉన్నది" అన్నాడు కోటేష్.

"ఏం పెట్టెరా?"

"కార్డులది, అటక మీదిది. పాత లిస్టు పట్టి లెక్కజెయ్యాలె. లెక్క తేలినంకనే భాగాలు."

బావ మొహం వాడిపోయింది. ఎండ దెబ్బేమో అనుకున్నాను.

"ఎవరు లెక్కజేస్తరు?" అని అత్త అడిగితే కోటేష్ నావైపు తిరిగాడు. "శ్రావణి జేస్తది. మిల్లు స్టోర్‌ల ఎనిమిదేండ్ల సంది నట్లు బోల్టులు లెక్కబెడుతున్నది. ఇవి ఏపాటి?"

అది నిజమే. కాగితం మిల్లులో ఒక కాంట్రాక్టరు కింద స్టోర్ చూస్తాను. ప్రతి అర దగ్గరా ఒక కార్డు వేలాడుతుంటుంది. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని మూడు గళ్ళు. ఎనిమిదేళ్ళలో ఒక్క వాషరు తేడా రాలేదు. చెప్పుకోవడానికి నాకున్న గొప్ప అదొక్కటే. ఖమ్మంలో పైపుల గోడౌన్ వాళ్ళు నన్ను తీసుకుంటామన్నది కూడా ఆ పేరు చూసే.

భద్రాచలంలో శ్రీరామనవమి జనం తగ్గాక వచ్చిన ఆదివారం చాప పరిచి పెట్టె దించాం. తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. రబ్బరు బ్యాండ్లు కరిగి కార్డులకు అంటుకుపోయాయి. బబుల్‌గమ్‌తో వచ్చిన చిన్న బొమ్మలు కొన్ని. ఎక్కువ మాత్రం ట్రంప్ కార్డులు. ముందు ఆటగాడి ఫొటో, వెనక ఆడిన మ్యాచులు, చేసిన పరుగులు, తీసిన వికెట్లు ఉంటాయి. ఇద్దరూ చెరో కార్డు పట్టుకుని "పరుగులు!" అని ఒకడంటే ఎవరి అంకె పెద్దదైతే వాడు రెండో కార్డూ లాగేసుకుంటాడు. అదీ ఆట.

పెట్టె అడుగున లాంగ్ నోట్‌బుక్ ఉంది. పదేళ్ళ కోటేష్ రాసిన లిస్టది. వరుస నంబరు, ఆటగాడు, దేశం, ఎట్ల వచ్చింది అని నాలుగు గళ్ళు గీసుకున్నాడు. నాలుగో గడి చదువుతుంటే నాకు నవ్వాగలేదు. 'అన్న ఇచ్చిండు', 'ముగ్గురికి ఇద్దరు మార్పు', 'జెరమొచ్చినప్పుడు నాయన కొనిచ్చిండు', 'దొరికింది, ఎవరిదో చెప్పను'. మొత్తం నాలుగు వందల పన్నెండు. అందులో ఇరవై మూడింటి మీద ఎర్ర రీఫిల్‌తో అడ్డగీత కొట్టి, పక్కన 'గోదారి' అని రాసి ఉంది.

"గోదారి అంటే ఏందయ్యా?"

"వరదల పోయినయి" అన్నాడు మా ఆయన.

నాలుగు వందల పన్నెండులోంచి ఇరవై మూడు తీస్తే మూడు వందల ఎనభై తొమ్మిది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నం వేళకు లెక్క ముగించాను. మూడు వందల ఎనభై తొమ్మిది, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు! ఇరవై ఆరేళ్ళ కిందటి పిల్లవాడి లెక్కా నా లెక్కా ఒక్కటై కూర్చుంటే గర్వంతో మా ఆయన వీపు మీద ఒకటిచ్చాను. వచ్చే ఆదివారం భాగాలు పెట్టుకుందామన్నాడు బావ. ఖానాపురం కిటికీకి తెర ఏ రంగుది కొనాలో ఆ వారమంతా ఆలోచించాను.

ఆదివారం వచ్చింది. అన్నదమ్ములు చాపకు చెరోవైపు కూర్చున్నారు. నేను కొంగు తలమీదికి లాక్కుని, బావకు పక్కగా తిరిగి కూర్చున్నాను. మాలో తమ్ముడి భార్య బావతో ఎదురుగా మాట్లాడదు. మిల్లులో వందమంది మగాళ్ళను కేకలేస్తాను, ఇంట్లో మాత్రం బావకు ఏదన్నా చెప్పాలంటే పాపకో, పిల్లికో, ఎవరూ లేకపోతే గోడకో చెప్పాలి. తొమ్మిదేళ్ళుగా గోడ మాకిద్దరికీ చాలా మేలు చేసింది.

"భాగాలు పెట్టేముందు ఇంకొక్కసారి లెక్కపెట్టు" అన్నాడు కోటేష్.

ఎందుకయ్యా అని విసుక్కుంటూనే కార్డులన్నీ చాపమీద పోశాం. ముగ్గురమూ దేశాలవారీగా వేరుచేశాం, నేను లెక్కించాను. మూడు వందల తొంభై రెండు.

మళ్ళీ లెక్కించాను. మూడు వందల తొంభై రెండే. నోట్‌బుక్ తీసి ఒక్కో నంబరుకు టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. యాభై ఏడు, యాభై ఎనిమిది, నూట నలభై. మూడూ ఎర్రగీత కొట్టినవే, వరదలో పోయినవే. ఇప్పుడు నా ఒళ్ళో ఉన్నాయి, మడత లేదు, మరక లేదు.

"నువ్వే తప్పు గీత కొట్టి ఉంటవు" అన్నాను మా ఆయనతో. "పదేండ్ల పోరనివి."

కోటేష్ ఆ మూడు కార్డులూ అందుకుని చాలాసేపు చూశాడు. తర్వాత వాళ్ళన్నవైపు చూశాడు. బావ మంచినీళ్ళకని లేచి వెళ్ళాడు.

అప్పుడే అత్త చేటలో బియ్యం ఏరుతూ ఆ వరద సంగతి చెప్పింది.

"ఆ యేడు గోదారి మన పాతింట్లకు వొచ్చింది. సామాన్లన్నీ మీదికి ఎక్కిస్తున్నం. జూస్తే వీడు లేడు. ఏడున్నడే అంటే, మెడలోతు నీళ్ళల్ల ఉన్నడు! కార్డుల కవరు నీళ్ళల్ల కొట్టుకపోయిందని హరిగాడు చెప్పిండట. దేవులాడనీకి దిగిండు. మీ మామ జుట్టు పట్టుకొని గుంజి, వెదురు బెత్తంతోని కొట్టిండు సూడు, ఆ వాతలు దసరా దాక ఉన్నయి. ఇంక ఇంట్ల కార్డులు కనవడితే తగలబెడ్త అన్నడు."

కోటేష్ ఆ మూడు కార్డులూ పెట్టెలో పెట్టాడు. నీళ్ళల్లో కొట్టుకుపోయిన కవరులోంచి పొడి కార్డులు ఎట్లా వస్తాయి?

లెక్క తప్పింది కాబట్టి భాగాలు ఆగిపోయాయి. స్టోర్ పద్ధతిలో పెట్టె మూతకు కాగితం అంటించి, నా సంతకం అడ్డంగా పెట్టి, అటక ఎక్కించాను. తర్వాతి ఆదివారం దించితే సీలు చెక్కుచెదరలేదు. చింపి, చాపమీద పోసి, ముగ్గురమూ వేరుచేశాక లెక్కిస్తే మూడు వందల తొంభై ఆరు!

నాకు మతిపోయింది. సీలేసిన పెట్టెలో కార్డులు పిల్లలు పెడుతున్నాయా? చెప్పుకుంటే సిగ్గుచేటని మూడుసార్లు లెక్కించాను. మా స్టోర్‌లో తక్కువ రావడం అందరికీ అలవాటే. ఎవడో ఇంటికి పట్టుకుపోయాడని అర్థం, తిట్టి ఊరుకుంటాం. ఎక్కువ వస్తే మాత్రం అందరికీ చెమటలు పడతాయి. వెనకెప్పుడో, ఎవరో అబద్ధం రాశారని దాని అర్థం. ఇక్కడ రాసింది పదేళ్ళ పిల్లవాడు. వాడు ఎందుకు అబద్ధం రాస్తాడు? నా పక్కన పడుకుని గురకపెట్టే మనిషిని ఆ వారం రోజులూ అనుమానంగా చూశాను. పాపను బెదిరించాను. పుష్పక్క వాళ్ళ పుట్టింటి సామాను కూడా కదిపాను, పాపం. ఆమె "ఏం దేవులాడుతున్నవే?" అంటే జీలకర్ర అన్నాను.

అదే సమయంలో ఇంట్లో ఇంకో గోల మొదలైంది. పెరట్లో మామిడిచెట్టు కాయలు మాయమవుతున్నాయి. అత్తకు ఆ చెట్టంటే ప్రాణం. కాయ కాయకూ గుర్తు పెట్టుకుంటుంది. "నిన్న ఈ కొమ్మకు పన్నెండున్నయి, ఇయ్యాల ఒక్కటి లేదు. కోతులా, మనుషులా?" అని వీధంతా వినపడేలా శాపనార్థాలు పెట్టేది. ఇంట్లో ఉండాల్సినవి తగ్గుతున్నాయి, ఉండకూడనివి పెరుగుతున్నాయి. ఇక నా ఉద్యోగం నేను చేసినట్టే!

మే నెల సగానికి లెక్క నాలుగు వందల మూడుకు చేరింది. ప్రతి ఆదివారం లెక్క ముగియగానే కోటేష్ "ఎన్నొచ్చినయి?" అని అడిగేవాడు. చెప్పగానే వాళ్ళన్న మొహంలోకి చూసేవాడు. బావ తల దించుకుని కార్డులు సర్దేవాడు. కాసేపు చూసి, మా ఆయన చొక్కా దులుపుకుని లేచి వెళ్ళిపోయేవాడు. లెక్క తేలనందుకు కోపమేమో అనుకున్నాను.

ఒకరోజు గట్టిగా అడిగాను. "పొలం అడుగు ఎక్కువ తక్కువ చూడలే నువ్వు. ట్రాక్టరు ఆయనకే వొదిలేసినవ్. ఈ బొమ్మల దగ్గర ఏంది ఈ పట్టు? ఇల్లుగలామె తాళం ఇంకొకరికిస్తా అంటున్నది. నీకు పోవాలని ఉన్నదా లేదా?"

"ఉన్నది."

"మరి?"

"లెక్క తేలనీ" అన్నాడు. అంతకుమించి గొడ్డలి పెట్టి కొట్టినా చెప్పడు.

ఆ శుక్రవారం నా ఫోను కిందపడి అద్దం పగిలింది. పొద్దుటి షిఫ్టు అయ్యాక మధ్యాహ్నం షేర్ ఆటోలో వంతెన దాటి భద్రాచలం వెళ్ళాను. అద్నాన్ సెల్ రిపేరు దుకాణం మాకు అలవాటైనదే. ఒకప్పుడు అక్కడే వాళ్ళ నాన్న సర్వర్ గారి ఫ్యాన్సీ షాపు ఉండేదట, మావాళ్ళు కార్డులు కొన్నది అందులోనే. అద్నాన్ బడిలో బావకు జతగాడు.

దుకాణం ముందు బావ బండి ఉంది. నేను గడపలోనే ఆగిపోయాను. లోపల కౌంటరు వెనక ఇద్దరూ ఎదురెదురుగా స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. నలభై ఏళ్ళ మగాళ్ళిద్దరూ చేతుల్లో కార్డులు విసనకర్రల్లా పట్టుకున్నారు.

"వికెట్లు!" అన్నాడు బావ.

"నూట ఎనిమిది" అన్నాడు అద్నాన్ నిమ్మళంగా.

బావ తన కార్డు చూసుకుని, తల పట్టుకున్నాడు. అద్నాన్ నవ్వుతూ కాళ్ళ దగ్గరున్న బుట్టను తన వైపు లాక్కున్నాడు. బుట్టలో మా అత్త మామిడికాయలు!

నేను పక్క దుకాణంలోకి తప్పుకుని, బావ వెళ్ళిపోయాక వచ్చాను. ఫోను బల్ల మీద పెట్టి సూటిగా అడిగాను. అద్నాన్ దాచలేదు. దాచాల్సిన సంగతని అతనికి తెలిస్తే కదా.

"అయ్యో భాభీ, అదంత మా చిన్నప్పటి లొల్లి. ఇరవై మూడు కార్డులు హరి దగ్గర గెల్చిన. కోటేష్‌ది కవరు ఎత్తుకొచ్చి ఆడిండు, పొద్దుగూకే వరకు అన్నీ ఓడిండు. మొన్న నవమి ముందల వచ్చి ఇచ్చెయ్ భాయ్, ఎంతంటే అంత ఇస్త అన్నడు. గెల్చుకున్నదాన్ని అమ్ముకుంటమా? ఆడి తీస్కపో అన్న. ఓడితే డజను మామిడికాయలు. జుమ్మా నమాజ్ అయినంక గంటసేపు ఆడతం. మా ఇంటామె ఫరహా ఇద్దరికీ పిచ్చి లేసింది అంటది."

"ఏ రోజుల్ల ఓడిండన్నా ఆ కార్డులు?"

"వరదకు రెండ్రోజుల ముందల. మా దుకాణం మెట్ల మీద. బాగ గుర్తున్నది." అతను అద్దం ఊడదీస్తూ మామూలుగా చెప్పాడు. "ఎందుకు భాభీ?"

ఏం లేదన్నాను. సీలేసిన పెట్టెలో కార్డులు ఎట్లా పెరిగాయో అప్పుడర్థమైంది, చాపమీద వేరుచేసేటప్పుడు బావే వాటిని కలిపేవాడు. వంతెన మీద ఆటోలో కూర్చుంటే కింద ఇసుక మేటల మధ్య గోదారి సన్నగా పారుతోంది. నా చెవుల్లో మాత్రం అత్త మాటలే. మెడలోతు నీళ్ళు, వెదురు బెత్తం, దసరా దాకా వాతలు. బావ ఒక్క అబద్ధమాడాడు. ఆ అబద్ధం వెతుక్కుంటూ మా ఆయన వరదలోకి దిగాడు. అప్పుడు పోయుంటే? పాప ఏది, నేనెవర్ని? బావ మీద ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళగానే కోటేష్‌కు చెప్పేయాలనుకున్నాను. మిల్లు గేటు దాటేసరికి ఇంకో ఆలోచన వచ్చింది. చెబితే ఏమవుతుంది? కోటేష్ అన్నం మానేస్తాడు, పెద్దమనుషులను పిలుస్తాడు, పొలం కాగితం చించేస్తాడు. నా పొయ్యి ఈ జన్మకు ముట్టించను. నోరు మూసుకుంటే జూన్‌లో ఖమ్మం. మూసుకుంటే మరి మొగుడికి ద్రోహం కాదా? ఇంటికి చేరేసరికి ఏది న్యాయమో, ఏది నా స్వార్థమో నాకే తెలియకుండా పోయింది.

మర్నాడు పొద్దున బావ పెరట్లో వేపపుల్ల నములుతున్నాడు. నేను గిన్నెలు తోముతూ, కొంగు సవరించుకుని, ప్రహరీగోడకు చెప్పాను.

"ఓ గోడా! శుక్రవారం శుక్రవారం మామిడికాయలు వంతెన దాటి ఎక్కడికి పోతున్నయో నేను కండ్లార చూసిన."

పుల్ల నమలడం ఆగిపోయింది.

"ఇంక తొమ్మిది ఉన్నయని చెప్పు" అన్నాడు బావ, గోడవైపే తిరిగి. "తొమ్మిదీ తెచ్చినంక నేనే చెప్త. ఒక్కటి తక్కువున్నా చెప్పబుద్ధి కాదు. భాగాలు పెట్టేటోని చెయ్యి ఖాళీగ ఉండొద్దు. అందాక ఆగుమను."

ఆయన వేపపుల్ల విరిచి పారేశాడు. తొమ్మిదేళ్ళలో ఆయన ఎవర్నీ ఇలా బతిమాలడం వినలేదు. ఒళ్ళుమంట అలాగే ఉంది, జాలీ వచ్చి దాని పక్కనే కూర్చుంది. నేను గోడకు మళ్ళీ ఏమీ చెప్పలేదు, కోటేష్‌కూ చెప్పలేదు. మూడు ఆదివారాలు మొగుడి మొహం చూడకుండా లెక్క రాశాను. మళ్ళీ నాలుగు వందల మూడే, తర్వాత నాలుగు వందల అయిదు, ఆ తర్వాత నాలుగు వందల తొమ్మిది.

జూన్ తొమ్మిది ఆదివారం. మధ్యాహ్నం పన్నెండింటికి సామాను లారీ మాట్లాడాను. మూటలన్నీ వాకిట్లో పేర్చాను. పన్నెండో తారీకు నెత్తిమీద కూర్చుంది, ఈరోజు కాకపోతే ఇల్లుగలామె తాళం మరొకరికిస్తుంది. పదింటికి చాప పరిచాం. నేను లెక్కించాను.

"నాలుగు వందల పన్నెండు" అన్నాను. "పాత లిస్టుకు సరిగ్గ సరి."

బావ అరగంట కూర్చుని రెండు కుప్పలు పెట్టాడు, రెండు వందల ఆరు చొప్పున. వరదలో పోయిన ఇరవై మూడూ ఒకే కుప్పలో, అందరికీ కనిపించేలా పైన పెట్టాడు. పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కుప్పల అంచులు మళ్ళీ సర్దాడు. "కోరుకో తమ్మీ" అన్నాడు. చెప్తానన్న మాట చెప్పలేదు.

కోటేష్ ఏ కుప్పకూ వేలు చూపించలేదు. నోట్‌బుక్ తెరిచి, ఎర్రగీతల నంబర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ, ఆ కుప్పలోంచి ఇరవై మూడు కార్డులు ఏరాడు. ఏరి, రెండు కుప్పల మధ్యన పెట్టాడు.

"ఇవి మనయి కాదన్నా" అన్నాడు. "మనయి గోదారి తీస్కపోయింది."

చేటలో బియ్యం ఏరుతున్న అత్త చెయ్యి ఆగింది. ఇంతపని చేసి, ఇన్ని మామిడికాయలు ఓడి, చివరికి ఆ మనిషి దొంగలా కూర్చున్నాడు.

"గోదారి తీస్కపోలే" అన్నాడు బావ. "నేనే ఓడిన. అద్నాన్‌తోని ఆడి ఓడిన. నీకు చెప్పలేక వరద పేరు చెప్పిన. నువ్వు నీళ్ళల్ల దిగుతవని నాకేం తెల్సు? నాయన నిన్ను కొడుతుంటే ఆ గోడ పక్కనే నిలబడ్డ. అప్పుడన్న చెప్పాల్సింది. నోరు రాలే."

"తెల్సు" అన్నాడు కోటేష్.

"ఏం తెల్సు?"

"ఓడినవని. వరద తగ్గి బడి తెరవంగనే అద్నాన్ ఆ కవరు పట్టుకొని వచ్చిండు గద. నా కవరు నేను గుర్తుపట్టనా?"

బావ తల ఎత్తాడు. "ఇరవై ఆరేండ్ల సంది తెల్సా? మరి ఒక్కనాడన్న అడగకపోతివి?"

"నువ్వు చెప్తవని చూసిన."

"మరి ఈ లెక్క... ఈ ఎండాకాలమంత..."

"పొయ్యి వేరైనంక ఇంకెప్పుడు చెప్తవన్నా? పోయేలోపల చెప్తవని పెట్టించిన."

బావ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పుష్పక్క వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నా సంగతి చెప్పాలంటే, నాకు ముందు కోపమే వచ్చింది. ఎనిమిదేళ్ళ పేరు పోయిందని రాత్రుళ్ళు నిద్రమానుకున్నాను. మొగుడికి ద్రోహం చేస్తున్నానని మూడు వారాలు కుమిలాను. ఆ మొగుడేమో మొదటిరోజు నుంచీ అన్నీ తెలిసి, నాచేత కార్డులు లెక్కపెట్టించాడు. ఇద్దరి నెత్తినా చెరో బిందె గుమ్మరిద్దామనిపించింది. అలా అనుకుంటూనే నేనూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ ఏడుపు ఎవరి కోసమో మాత్రం చెప్పలేను.

కోటేష్ వాళ్ళన్న భుజం మీద చెయ్యి వేయలేదు, కావలించుకోలేదు. మావాళ్ళకు అవన్నీ రావు. నోట్‌బుక్ మూసి, "అద్నాన్ ఊకెనే ఇచ్చిండా?" అని అడిగాడు.

"ఊకెనే ఇస్తడా వాడు? గెల్చుకొచ్చిన."

"నువ్వా? ఆటల?"

"అవ్. మామిడికాయలు పెట్టి."

"నా మామిడికాయలా!" అని అత్త చేట పక్కకు విసిరింది. "కోతులని తిట్టి తిట్టి నా గొంతు పోయింది గదరా, నువ్వారా ఆ కోతివి!"

బావ ఏడుస్తూనే నవ్వాడు. కోటేష్ ఇరవై మూడు కార్డులూ చేతిలోకి తీసుకుని కలిపాడు. "నీకు ఆట రానే రాదు. నీకు అద్నాన్ కావాలనే ఓడిండు" అన్నాడు.

"రాదా? పంచు సూద్దాం."

"చెరో పదకొండు. ఒకటి మధ్యన."

నలభై ఏళ్ళ మనిషీ, ముప్ఫై ఆరేళ్ళ మనిషీ చాపమీద మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చున్నారు. "మ్యాచులు!" అని ఒకడు, "పరుగులు!" అని ఒకడు. పాప పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా దూరింది. ఎవరైనా గెలిస్తే ఆ కార్డులు వాళ్ళవి, పొత్తులో ఏమీ మిగలదు, పొయ్యి వేరు. ఆ సంగతి నాకు తెలుసు, అత్తకు తెలుసు, ఆడుతున్నవాళ్ళకూ తెలుసు. గెలిచినవాడు గెలిచినట్టే మళ్ళీ పంచుతున్నాడు.

వాకిట్లో లారీ హారన్ మోగింది. ఇద్దరూ ఒక్కసారిగా ఆగి, నావైపు చూశారు. ఆట ఆపమంటే ఆపేసేవాళ్ళే. ఒక్క మాట నా నోట్లోంచి వస్తే ఆ సాయంత్రానికి నేను ఖానాపురం హవేలిలో నా పొయ్యి మీద నా ఉప్పు వేసుకుంటూ ఉండేదాన్ని. ఎండాకాలమంతా ఆ మాట కోసమే కదా కాచుకున్నాను.

నేను బయటికి వెళ్ళి మూటల పక్కన నిలబడ్డాను. డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కియ్యాల్నా అమ్మా?" అన్నాడు.

"ఇయ్యాల వద్దన్నా. రేపు రా."

"ఏమైందమ్మా? పొద్దున గట్ల తొందర పెడితివి."

ఏమైందో నాకూ సరిగ్గా తెలిస్తే కదా చెప్పడానికి.

"లెక్క ఇంక తేలలేదన్నా" అని చెప్పి, లోపలికి వచ్చి, పుష్పక్క పొయ్యి మీదికి ఇంకో సోలెడు బియ్యం కడిగాను.